నలభై వేల మంది ఫాలోవర్లు పోయారు, మాస్టోడాన్‌కి మారిపోవాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది మంగళగిరి. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. చుట్టుపక్కల నేసేవాళ్ల దగ్గర కూడా సరుకు తీసుకుని, ఒక ఫొటోల యాప్‌లో పేజీ పెట్టి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నాను. నలభై వేల పైచిలుకు ఫాలోవర్లు ఉండేవాళ్లు. పోయిన నెల ఒక రాత్రి ‘మీ ఖాతా మా నిబంధనలకు విరుద్ధంగా ఉంది’ అని మెసేజ్ వచ్చి పేజీ మూతపడింది. ఏ నిబంధనో చెప్పలేదు. యాప్‌లోనే అప్పీలు చేస్తే నిమిషాల్లో కుదరదన్నారు. మా అక్క కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ‘మాస్టోడాన్, బ్లూస్కై లాంటి వికేంద్రీకృత సోషల్ మీడియాకి వచ్చెయ్ పిన్నీ, అక్కడ నీ అకౌంట్ ఎవరూ తీసెయ్యలేరు’ అంటున్నాడు. ఈలోగా మార్కెటింగ్ చేస్తానని ఒకాయన ఫోన్ చేసి, పాతిక వేలిస్తే ‘వెబ్3 సోషల్ మీడియా’లో పేజీ పెట్టి, మా పేరున టోకెన్ కూడా తెస్తానంటున్నాడు. మావాడు చెప్పింది నిజమేనా? అక్కడ చీరలు అమ్ముడుపోతాయా? ఆ పాతిక వేలు పెట్టొచ్చా?

సమాధానం:

అమ్మా, ఏళ్ల తరబడి రోజూ ఫొటోలు తీసి, అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా జవాబులిచ్చి నిలబెట్టుకున్న పేజీ కారణం కూడా చెప్పకుండా పోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో అర్థమవుతోంది. మీ మీద రెండు మగ్గాలే కాదు, మీకు సరుకిచ్చే ఇళ్లు కూడా ఆధారపడి ఉన్నాయి. అందుకే మీ మూడు ప్రశ్నలకంటే ముందు, పోయిన పేజీ సంగతి చెప్తాను.

మీరు యాప్‌లో అప్పీలు బటన్ నొక్కి వదిలేశారు. అది సరిపోదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో నడిచే సోషల్ మీడియా సంస్థ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, ఆయన పేరు, ఫిర్యాదు పంపే దారి తన సైట్‌లో ప్రకటించాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, ఏడు రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరికి ముందు ఈ గడువు 15 రోజులు ఉండేది). ఆ ఆఫీసర్‌కి విడిగా రాయండి. పేజీ పేరు, మూసేసిన తేదీ, వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్, మీ వ్యాపారానికి సంబంధించిన కాగితాలేవైనా ఉంటే అవీ జత చేయండి. ఏ పోస్ట్ ఏ నిబంధనను దాటిందో చెప్పమని సూటిగా అడగండి. జవాబు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023లో వేసిన కమిటీ అది. అప్పీలు అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. పేజీ తప్పకుండా తిరిగొస్తుందని మాట ఇవ్వలేను గానీ ఈ దారి ఉందని తెలియక ఎంతోమంది చిన్న వ్యాపారులు మొదటి ‘కుదరదు’ దగ్గరే ఆగిపోతున్నారు. మీరు ఆగకండి.

ఇప్పుడు మీ అక్కగారి అబ్బాయి మాట. అతను చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం చాలా విలువైనది.

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ మన దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది. అప్పటిదాకా కంపెనీ మారితే నంబర్ పోయేది. ఇప్పుడు నంబర్ మనతోనే ఉంటుంది, కంపెనీ మారుతుంది. పైగా ఒక కంపెనీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ సిమ్‌కి కాల్ మామూలుగానే వెళ్తుంది. సోషల్ మీడియాలో ఈ రెండూ లేవు. ఒక యాప్‌లో ఉన్న మనిషి ఇంకో యాప్‌లో ఉన్న మనిషిని ఫాలో అవ్వలేడు. ఫాలోవర్లను మూటగట్టుకుని బయటికి రాలేరు. మీకు జరిగిన నష్టం అంతా ఇక్కడే ఉంది. నలభై వేల మందికి మీ చీరలు ఇప్పటికీ ఇష్టమే, మీరు చేరడానికి దారే లేదు. ఈ రెండు లోట్లనూ తీర్చాలని కొందరు ఏళ్లుగా పని చేస్తున్నారు. వికేంద్రీకృత సోషల్ మీడియా అంటే అదే.

మాస్టోడాన్‌ను 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రాచ్కో మొదలుపెట్టాడు. అది ఒక కంపెనీ నడిపే ఒకే యాప్ కాదు. వేరువేరు మనుషులు, సంఘాలు, కొన్నిచోట్ల ప్రభుత్వాలు కూడా నడుపుకునే వేలాది సర్వర్లు, అంటే ఖాతాలూ పోస్టులూ దాచి ఉంచే కంప్యూటర్లు ఉంటాయి. ఒక సర్వర్‌లో ఖాతా తెరిచినా మిగతా సర్వర్లలో వాళ్లను ఫాలో అవ్వొచ్చు, వాళ్లూ మిమ్మల్ని ఫాలో అవ్వొచ్చు. ఈ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2018లో దాన్ని అధికారిక ప్రమాణంగా గుర్తించింది. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ కూడా అదే పద్ధతిలో నడుస్తాయి. మెటా వాళ్ల త్రెడ్స్ కూడా 2024 నుంచి కొంత మేరకు ఈ గుంపులో కలిసింది. ఈ మొత్తాన్ని ఫెడివర్స్ అంటున్నారు.

అయితే ‘ఎవరూ తీసెయ్యలేరు’ అన్న మాటను మాత్రం నమ్మకండి. మీరు చేరిన సర్వర్‌ను నడిపే మనిషి మీ ఖాతాను తీసెయ్యగలడు. అక్కడి నియమాలు అతనివే. చాలా సర్వర్లు వ్యాపార ప్రకటనలను ఒప్పుకోవు కూడా, కాబట్టి చేరేముందు నియమాల పేజీ చదవడం తప్పనిసరి. డబ్బు చాలకో, ఓపిక లేకో సర్వరే మూతపడొచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అంతటి సంస్థే తన మాస్టోడాన్ సర్వర్‌ను 2024 డిసెంబరులో మూసేసింది. మాస్టోడాన్ అధికారిక సైట్‌లో చూపించే సర్వర్లు, మూసేసే ముందు కనీసం మూడు నెలలు ముందుగా చెప్తామని ఒప్పుకుని ఉంటాయి. ఆ జాబితాలోంచే ఎంచుకోండి. ముందే తెలిస్తే ఇంకో సర్వర్‌కి మారిపోవచ్చు, ఫాలోవర్లు మీ వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు. మిమ్మల్నే సస్పెండ్ చేస్తే ఆ మార్పిడి కూడా కుదరదు. అందుకని అబ్బాయి మాటను ఇలా సరిచేసుకుందాం: అక్కడ మిమ్మల్ని తీసేసేవాళ్లు ఉంటారు, కానీ మీరు సొంతంగా వెళ్లిపోవడానికి తలుపు తెరిచి ఉంటుంది. ఇప్పుడు మీరున్న యాప్‌లో ఆ తలుపే లేదు.

బ్లూస్కై కథ కొంచెం వేరు. 2019 డిసెంబరులో ట్విట్టర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ ఆ ఆలోచనను ప్రకటించారు. తర్వాత అది వేరే సంస్థ అయింది, జే గ్రేబర్ నాయకత్వంలో పెరిగింది, 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అవసరం లేకుండా అందరికీ తెరిచారు. 2025 మొదట్లో ఖాతాలు మూడు కోట్లు దాటాయి. మాస్టోడాన్ కంటే వాడటం తేలిక, సర్వర్ ఎంచుకునే తలనొప్పి ఉండదు. అది నడిచే పద్ధతి పేరు ఏటీ ప్రోటోకాల్, అందులో మీ పోస్టులు, ఫాలోవర్లు కూడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకునేలా ఏర్పాటు ఉంది. కానీ వాస్తవంలో దాదాపు అందరి ఖాతాలూ ఇప్పటికీ ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. పెట్టుబడిదారుల డబ్బుతో నడుస్తున్న సంస్థ అది, రేపు దాని తీరు మారదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అందుకే దాన్ని కూడా నేను సొంతిల్లు అనను.

మీకు నిజంగా పనికొచ్చేది బ్లూస్కైలో ఒకటుంది. సొంత డొమైన్‌నే, అంటే మీ పేరున కొనుక్కునే వెబ్‌సైట్ చిరునామానే అక్కడ మీ ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. డొమైన్ సెట్టింగుల్లో ఒక లైను చేరిస్తే చాలు, అబ్బాయి పది నిమిషాల్లో చేసిపెడతాడు. మాస్టోడాన్‌లో కూడా మీ వెబ్‌సైట్‌లో ఒక చిన్న లింకు పెడితే, ప్రొఫైల్‌లో ఆ సైట్ పేరు పక్కన ఆకుపచ్చ టిక్ వస్తుంది. డొమైన్ ఉంటే రెండింటికీ విడిగా పైసా ఖర్చు లేదు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, చేనేత అమ్మేవాళ్లను పీడిస్తున్న మోసం ఒకటుంది. మీ ఫొటోలే ఎత్తుకెళ్లి, మీ పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ చేసి దొంగ పేజీ పెడతారు. అడ్వాన్స్ తీసుకుని మాయమవుతారు, లేదా మరమగ్గం గుడ్డ పంపుతారు. తిట్లు మీకు పడతాయి. ఖాతా పేరే మీ డొమైన్ అయినప్పుడు ఏది అసలు పేజీయో కొనేవాళ్లు చూసి తెలుసుకోగలరు. నీలం టిక్కుల కోసం నెల నెలా డబ్బు కట్టడం కంటే నాకు ఇది చాలా నచ్చిన పద్ధతి.

కాబట్టి నా మొదటి సలహా మాస్టోడాన్ కాదు, బ్లూస్కై కాదు. ముందు ఒక డొమైన్ కొనండి. డాట్ ఇన్ తో ముగిసేది మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అది మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో నమోదవ్వాలి. సైట్ చేసిపెట్టే కుర్రాడి పేరు మీద వద్దు, అక్కగారి అబ్బాయి పేరు మీద కూడా వద్దు. ఎంత మంచివాళ్లయినా ఫోన్ నంబర్లు మారతాయి, ఉద్యోగాలు మారతాయి, రెన్యూవల్ తేదీ దాటిపోతుంది. సైట్ పెద్దగా ఉండక్కర్లేదు. చీరల ఫొటోలు, ధరలు, మీ ఫోన్ నంబర్, మీరెవరో నాలుగు మాటలు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేయించుకుంటే, దానికి తగిలించుకునే యాక్టివిటీపబ్ ప్లగిన్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అది పెట్టుకుంటే మీ సైటే ఫెడివర్స్‌లో ఒక ఖాతా అవుతుంది. మాస్టోడాన్‌లో ఉన్నవాళ్లు నేరుగా మీ సైట్‌ను ఫాలో అవ్వొచ్చు.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. సోషల్ మీడియా ఇంత పెరగకముందు తెలుగు బ్లాగులు ఎక్కడివక్కడ, ఎవరి చిరునామాలో వాళ్లవి ఉండేవి. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి చోట్ల అన్ని బ్లాగుల కొత్త రాతలూ ఒకే పేజీలో కనబడేవి. కూర్చినవాళ్లు ఒకరు, రాసినవాళ్లు వేరొకరు. కూర్చే సైట్ ఆగిపోయినా బ్లాగు బతికే ఉండేది. ఆ తర్వాత మనమంతా ఒకే పెద్ద కంపెనీ గోడ మీదకి వెళ్లిపోయాం. 2014లో ఆర్కుట్ మూసేశారు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది, పల్లెటూళ్ల నుంచి వచ్చిన ఎంతోమంది తెలుగు కళాకారులు ఒక్క రాత్రిలో ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. మన భాషల కోసమే అంటూ వచ్చి తెలుగులోనూ బాగా నడిచిన కూ 2024 జులైలో మూతపడింది. విదేశీ కంపెనీ, స్వదేశీ కంపెనీ అన్న తేడా లేదు. తాళం చెవి ఒక్క చోటే ఉంటే జరిగేది ఇదే. మీలాంటి వాళ్ల కష్టం ప్రతిసారీ ఇలా తుడిచిపెట్టుకుపోవడం చూస్తే నాకు బాధేస్తుంది, అందుకే డొమైన్ సంగతి ఇంతసేపు చెప్పాను.

రెండో ప్రశ్న, అమ్మకాలు. ఇక్కడ మీకు ఆశలు పెట్టడం ఇష్టం లేదు. విజయవాడలోనో గుంటూరులోనో పెళ్లికి చీరలు కొనే కుటుంబం ఇవాళ మాస్టోడాన్‌లో లేదు, బ్లూస్కైలో చాలా తక్కువ. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ సస్పెండ్ చేసినప్పుడు మన దేశంలో ఎంతోమంది కోపంతో మాస్టోడాన్‌లో చేరారు. కొద్ది రోజులకే ఎక్కువమంది వెనక్కి వెళ్లిపోయారు. జనం లేనిచోట అమ్మకం ఉండదు. మీ నెలవారీ ఆదాయం దీని మీద పెట్టుకోకండి.

అయినా ఒక పక్క ఖాతా తెరిచి ఉంచమనే చెప్తాను. ఎందుకో చెప్తాను, ఇందులో మార్కెటింగ్ చేసేవాళ్లంతా గమనించాల్సిన విషయం ఉంది.

మాస్టోడాన్‌లో, బ్లూస్కైలో ప్రకటనలు అమ్మరు. డబ్బు కట్టి పోస్ట్‌ను పైకి తీసుకురావడం కుదరదు. పెద్ద షోరూమ్ నెలకు లక్షలు పోసి మిమ్మల్ని వెనక్కి నెట్టలేదు. మాస్టోడాన్‌లో పోస్టులు పెట్టిన వరసలోనే కనబడతాయి. అక్కడ ‘ఫేవరెట్’ నొక్కితే పోస్ట్ ఎక్కడికీ వెళ్లదు, ‘బూస్ట్’ చేస్తేనే ఇంకొకరికి చేరుతుంది. హ్యాష్‌ట్యాగ్‌లను జనం నేరుగా ఫాలో అవుతారు కాబట్టి హ్యాండ్లూమ్, వీవింగ్, ఫైబర్ ఆర్ట్స్, మంగళగిరి లాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పకుండా పెట్టండి. బ్లూస్కైలో ఎవరైనా తమకు నచ్చిన అంశం మీద సొంత ఫీడ్ (ఆ అంశం పోస్టులన్నీ ఒకచోట కనబడే వరస) తయారుచేసుకోవచ్చు, మీ పోస్ట్ అలాంటి ఫీడ్‌లో పడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా చూస్తారు. పోస్ట్‌లో సైట్ లింకు పెడితే దాన్ని వెనక్కి నెట్టే పని చేయబోమని బ్లూస్కై బహిరంగంగానే చెప్పింది. సొంత సైట్ ఉన్న చిన్న వ్యాపారికి ఇది పెద్ద మేలు.

అక్కడున్న జనం కూడా వేరు. జర్మనీలో మాస్టోడాన్ వాడేవాళ్లు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ వాళ్లు, విద్యావేత్తలు, చేతిపనులంటే ప్రాణం పెట్టేవాళ్లు, ఇంట్లోనే చిన్న మగ్గం పెట్టుకుని నేసేవాళ్లు అక్కడ కనబడతారు. వాళ్లకు ‘ఆషాఢం ఆఫర్’, ‘ఫ్లాష్ సేల్’ అంటే చిరాకు. కానీ గుంట మగ్గం మీద కూర్చుని నిజాం అంచు ఎలా తీస్తారో, అంచు దగ్గర జరీ ఎలా పడుతుందో, వానాకాలంలో పడుగు ఎందుకు ఇబ్బంది పెడుతుందో చెప్పండి, అడిగి అడిగి తెలుసుకుంటారు. ఆ ప్రశ్నలకు మీకున్నంత సరుకు ఏ మార్కెటింగ్ ఏజెన్సీకీ లేదు. ఫొటో పెట్టినప్పుడు దాని వివరణ రాయడం అక్కడ మర్యాద, చూపు లేనివాళ్లు ఆ వివరణనే వింటారు. ‘ముదురు ఆకుపచ్చ నూలు చీర, రెండు వైపులా బంగారు జరీతో నిజాం అంచు, బుటాలు లేవు’ అని ఒక వాక్యం రాస్తే చాలు.

విదేశాల నుంచి ఆర్డర్ వస్తే కంగారు పడకండి. ముందు ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. తపాలా శాఖ చిన్న వ్యాపారుల కోసం డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది, పార్శిల్ కాగితాల పని అక్కడ చూసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉండే సుంకం మినహాయింపును అక్కడి ప్రభుత్వం 2025 ఆగస్టులో ఎత్తేసింది. సుంకం ఎవరు కట్టాలో డబ్బు తీసుకునే ముందే మాట్లాడుకోండి.

రెండు జాగ్రత్తలు. మాస్టోడాన్‌లో ప్రైవేట్ మెసేజ్‌కు ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవాళ్లు కావాలనుకుంటే చదవగలరు. చిరునామాలు, బ్యాంకు వివరాలు అక్కడ తీసుకోవద్దు. అలాగే ఒకసారి పెట్టిన పోస్ట్ ఎన్నో సర్వర్లకు చేరుతుంది, మీరు తీసేసినా ఎక్కడో ఒక కాపీ మిగిలిపోవచ్చు. చీర కట్టుకున్న కస్టమర్ ఫొటో పెట్టేముందు ఆమెను అడగండి. ఎవరైనా వెకిలిగా రాస్తే ఆ మనిషినే కాదు, అతనున్న సర్వర్ మొత్తాన్నీ మీరు బ్లాక్ చేసుకోవచ్చు. ఆడవాళ్లు నడిపే పేజీలకు ఇది నిజంగా ఊరట.

మీ పాత కస్టమర్ల విషయానికొస్తే, నలభై వేల మంది పోయినా కొన్నవాళ్లు పోలేదు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మీ కొరియర్ రసీదుల్లో, యూపీఐ చెల్లింపుల్లో, వాట్సాప్ చాట్‌లలో ఉన్నాయి. ఒకరోజు కూర్చుని అవన్నీ ఒక పుస్తకంలోకి, ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. ‘పేజీ పోయింది, కొత్త సరుకు వచ్చినప్పుడు మీకు చెప్పమంటారా?’ అని ఒక్కొక్కరినీ అడగండి. సరే అన్నవాళ్లకే పంపండి, వద్దన్నవాళ్ల నంబర్ తీసేయండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరేది కూడా అదే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందినే చేర్చగలరు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. అందుకని ‘మా నంబర్ సేవ్ చేసుకోండి’ అని పార్శిల్‌లో చిన్న చీటీ పెట్టండి, దాని మీదే సైట్ చిరునామా కూడా. వాట్సాప్ కూడా ఒక కంపెనీదే, రేపు ఆ నంబర్ బ్లాక్ అయినా పుస్తకం మీ దగ్గరే ఉంటుంది. మీ రాబడి ముందుగా కోలుకునేది ఈ జాబితా వల్లనే.

చివరిగా పాతిక వేలు అడిగిన ఆయన. ఇవ్వకండి. ఆయన చెప్పే వెబ్3 అంటే బ్లాక్‌చెయిన్ మీద, అంటే క్రిప్టో కరెన్సీ లెక్కలు రాసే ఉమ్మడి ఆన్‌లైన్ పద్దు మీద నడిచేది; టోకెన్ అంటే అందులో కొని అమ్మే ఒక రకం క్రిప్టో నాణెం. అలాంటి సోషల్ మీడియా అనేది ఉంది, ఆ మాట అబద్ధం కాదు. లెన్స్, ఫార్‌క్యాస్టర్ అలాంటివే. 2016లో వచ్చిన స్టీమిట్ రాసినవాళ్లకు టోకెన్లలోనే డబ్బిచ్చింది, తర్వాత ఆ టోకెన్ ధర బాగా పడిపోయింది. బ్లాక్‌చెయిన్ లేకుండా తాళం చెవితో నడిచే నాస్టర్ ఇంకొకటి. అందులో మీ రహస్య కీ పోతే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అనే బటన్ ఉండదు, ఖాతా శాశ్వతంగా పోయినట్టే. ప్రయోగాలు చేసే కుర్రాళ్లకు ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ మీ చీర కొనే మనిషికి టోకెన్‌తో పని లేదు. పైగా మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022 నుంచి ఉన్నాయి. మీ పేరున టోకెన్ తెచ్చి, దాన్ని మీ కస్టమర్లకే అంటగట్టి, ధర పడిపోయాక ఆయన ఫోన్ ఎత్తకపోతే, జనం వచ్చేది మంగళగిరిలో మీ ఇంటికే. మళ్లీ ఫోన్ చేస్తే వద్దని ఒక్క మాటలో చెప్పండి. ఆధార్, పాన్ కాపీలు, ఓటీపీలు ఏ కారణం చెప్పినా ఇవ్వకండి.

ఆ పాతిక వేలల్లో డొమైన్‌కి వెయ్యి, సైట్ పెట్టే చోటికి ఏడాదికి కొన్ని వేలు, ఎక్స్‌పోర్ట్ కోడ్‌కి 500 తీసి పక్కన పెట్టండి. మాస్టోడాన్‌కీ బ్లూస్కైకీ ఏమీ కట్టక్కర్లేదు. మిగిలింది నూలుకి పెట్టండి.